కొండెక్కితే భూగర్భమే

తెల్లవారకముందే కళింగపట్నం చేరండి. ఒకపక్క వంశధార, ముందు సముద్రం, వెనక లైట్‌హౌస్. సరుగుడు తోటలోంచి వచ్చే గాలి చల్లగా తగులుతుంది. తూర్పు తెల్లబడుతూంటే ఒడ్డున అలివి వల లాగేవాళ్లు రెండు వరసలుగా నిలబడి తాడు పట్టి వెనక్కి నడుస్తూంటారు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, అల వచ్చి వెనక్కి మళ్లే గీత వెంట నడవండి. కళ్లు సముద్రం మీద కాకుండా కాళ్ల కింద పెట్టండి.

ఇసుక ఒకే రంగులో లేదు. ఒడ్డు పైభాగంలో గోధుమవన్నె. అల మళ్లే చోట ముదురు ఎరుపు చారలు, వాటి పక్కనే నల్లటి చారలు. వంగి ఆ ఎర్రటి చారలోంచి ఒక గుప్పెడు తీసుకోండి. మామూలు ఇసుక కన్నా బరువని అరచేతికి వెంటనే తెలుస్తుంది. అప్పుడే పొడుచుకొస్తున్న సూర్యుడికి ఎదురుగా చెయ్యి చాచి, కొన్ని గింజలు వేలికొన మీద పరిచి చూడండి. ఎర్రటి గింజల్లోంచి వెలుతురు ఇవతలికి వస్తుంది. దానిమ్మగింజ రంగులో ఉన్న ఆ గింజలు గార్నెట్. నల్లగా లోహంలా మెరిసేది ఇల్మనైట్, తెల్లరంగు పెయింట్లకు కావలసిన టైటానియం దాన్నించే తీస్తారు. పొడవుగా, తెల్లటి పుల్లముక్కల్లా ఉన్నవి సిల్లిమనైట్. అక్కడొకటి ఇక్కడొకటి లేత పసుపు గింజ కనిపిస్తే అది మోనజైట్ కావచ్చు, అందులో థోరియం ఉంటుంది. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. మహదేవన్, ఎ. శ్రీరామదాస్ విశాఖపట్నం జిల్లా తీరపు ఇసుకలోని మోనజైట్ గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఇంకా పుట్టలేదు, ఈ ఒడ్డు కూడా విశాఖ జిల్లాలోదే.

మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ గింజ నీటికి రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ బరువు. గార్నెట్ నాలుగు రెట్లు, ఇల్మనైట్ అంతకన్నా ఎక్కువ. అల ఒడ్డెక్కినప్పుడు అన్నింటినీ మోసుకొస్తుంది, మళ్లేటప్పుడు తేలికవాటినే తీసుకుపోతుంది. చేటలో బియ్యం చెరిగినట్టు, సముద్రం రాత్రింబవళ్లు ఈ ఒడ్డును చెరుగుతూనే ఉంటుంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తున్నావిడ మిమ్మల్ని చూసి ఆగుతుంది. “ఏటి బావూ, ఇసకలో ఎతుకుతున్నారు?” మీరు ఎర్ర గింజలు చూపిస్తారు. “ఇదా! తుపాను ఎల్లినాక సూడాల, ఒడ్డంతా ఎర్రగుంటాది” అని చెప్పి సాగిపోతుంది. ఆవిడ చూసింది నిజం. అలల పోటు పెరిగినకొద్దీ తేలిక ఇసుక కొట్టుకుపోయి, బరువైన గింజలు ఒడ్డున పేరుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ గింజల్లో ఏదీ సముద్రంలో పుట్టింది కాదు. గార్నెట్, సిల్లిమనైట్ కలిసి పుట్టాలంటే అపారమైన వేడి, ఒత్తిడి కావాలి. అవి ఉండేది భూమి లోపల, చాలా లోతున. అంత లోతున పుట్టినవి మన కాలివేళ్ల మధ్యకు ఎలా వచ్చాయి? జవాబు వంశధారకు ఎగువన ఉంది. ఒడిశా కొండల్లో పుట్టిన ఆ ఏరు వాటిని మోసుకొచ్చింది. నాగావళి, చంపావతి, గోస్తనిలదీ అదే పని. పదండి, కొండల్లోకి వెళ్దాం.

శ్రీకాకుళం దాటి చీపురుపల్లి రోడ్డు పట్టాక, పచ్చటి పొలాల మధ్య విడివిడిగా లేచిన కొండలు కనిపిస్తాయి. జీడిమామిడి తోటలు వాటి పాదాల దాకా పాకి ఉంటాయి. రోడ్డు వెడల్పు కోసమో, గ్రావెల్ కోసమో కొండ అంచును తొలిచిన చోట ఒకటి చూసి బండి ఆపండి. ఎండ ఎక్కుతోంది. తొలిచిన గోడ ఇటుక ఎరుపు, గోధుమ, తెలుపు చారలుగా, వాలుగా నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లండి. బాటిల్‌లోని నీళ్లు కాసిని రాయి మీద చల్లండి.

దుమ్ము కడిగిన వెంటనే రాయంతటా ఎర్రటి చుక్కలు బయటపడతాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని శనగగింజంత. పొద్దున కళింగపట్నంలో వేలికొన మీద పెట్టుకు చూసిన గార్నెట్ ఇదే. అక్కడ అరిగి గుండ్రబడింది, ఇక్కడ పుట్టింట్లో ఉంది. చుక్కల మధ్యగా సన్నటి తెల్లటి పోగులు ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి, అవి సిల్లిమనైట్. బూడిదరంగులో తళుక్కుమనే పలుచటి రేకుల మీద వేలు పెట్టి రుద్దండి. వేలికి పెన్సిల్ మసి అంటుతుంది. అది గ్రాఫైటే.

ఈ రాయి పేరు ఖోండలైట్. 1902లో టి. ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త కలహండి ప్రాంతపు రాళ్లను వర్ణిస్తూ, ఆ కొండల్లో బతికే ఖోండుల పేరు దీనికి పెట్టారు. సింహాచలం కొండ ఈ రాయే. కోణార్క గుడి కట్టిందీ ఈ రాయితోనే. తూర్పు కనుమల పొడుగునా, ఒడిశా నుంచి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా గోదావరి దాకా, ఈ రాయిదే రాజ్యం.

దీని పుట్టుక వింటే రాయి మీద చెయ్యి వెయ్యడానికి కూడా భక్తి కలుగుతుంది. ఖోండలైట్ ఒకప్పుడు బురద. ఏదో ప్రాచీన సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకున్న బంకమన్ను. అల్యూమినియం దండిగా ఉన్న ఆ మన్నే తర్వాత సిల్లిమనైట్‌గా, గార్నెట్‌గా మారింది. మన్నులో చిక్కుకున్న కర్బన పదార్థమే మీ వేలికంటిన గ్రాఫైట్. ఆ సముద్రం పేరేమిటో, దాని ఒడ్డు ఎక్కడో చెప్పే మనిషి లేడు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు. ఆ బురదను భూమి లోపలికి లాక్కుంది, ఉడికించింది, తిరిగి పైకి పంపింది.

ఎంత లోపలికి? రాయి మీద చెయ్యి అలాగే ఉంచి, మనసులో కిందికి దిగండి.

మొదటి కిలోమీటరుకే ఉక్కపోస్తుంది. పైపొరల్లో కిలోమీటరుకు సగటున 25, 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. మూడు కిలోమీటర్ల లోతున కోలారు బంగారు గని అడుగు. మనదేశంలో మనిషి కాలుమోపిన లోతైన చోట్లలో అదొకటి. 12 కిలోమీటర్లు దాటేసరికి రష్యాలోని కోలా బోరుబావి అడుగు. 1970లో మొదలుపెట్టి దాదాపు రెండు దశాబ్దాలు తవ్వితే 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది, అక్కడి వేడి 180 డిగ్రీలు. మనిషి పరికరం భూమిలోకి అంతకన్నా లోతుకు వెళ్లలేదు. మీరు ఇంకా దిగాలి. 15, 20, 25 కిలోమీటర్లు. నెత్తిన వాతావరణ పీడనానికి దాదాపు ఏడు వేల రెట్ల బరువు. చుట్టూ 900 డిగ్రీలకు పైబడిన వేడి. ఖోండలైట్ తయారైన చోటు అది. ఇది జరిగి సుమారు 90 నుంచి 100 కోట్ల సంవత్సరాలైంది.

ఇప్పుడు కళ్లు తెరిచి మళ్లీ గోడ చూడండి. ఎర్రటి రాయి మధ్యగా తెల్లటి నరాలు మెలికలు తిరిగి పోతున్నాయి, కొన్నిచోట్ల బెత్తెడు వెడల్పున. ఆ వేడికి బురదరాయిలో త్వరగా కరిగే భాగం కరిగి, పగుళ్లలోకి చేరి, చల్లారి గడ్డకట్టింది. అగ్నిపర్వతానికి ముడిసరుకు ఇలాంటి కరుగే. పైకి దారి దొరికిన చోట అది అగ్నిపర్వతమై పేలుతుంది. మీ ముందున్న ఈ కరుగు అంత దూరం వెళ్లలేదు, పుట్టినచోటే ఆగిపోయింది. మన జిల్లాల్లో అగ్నిపర్వతం లేదు. దాని పుట్టుక ఎలా ఉంటుందో చూపించే గోడ మాత్రం రోడ్డు పక్కనే ఉంది.

చాలామంది పిల్లలకు, పెద్దలకు కూడా, భూమి అడుగున అంతా నిప్పుల సముద్రమనీ, మనం పలుచటి పెచ్చు మీద తేలుతున్నామనీ ఒక నమ్మకం. అది సరికాదు. భూపటలం కిందున్న భూప్రావారం 2,900 కిలోమీటర్ల లోతు దాకా దాదాపు అంతా ఘనపదార్థమే. వేడి ఉంది, అయితే దాన్ని మించిన ఒత్తిడి రాయిని కరగనివ్వదు. ఒత్తిడి సడలిన చోటో, నీరు చేరి కరిగే వేడిని తగ్గించిన చోటో ముఖ్యంగా శిలాద్రవం పుడుతుంది. అలాంటి చోట్లు ఎక్కువగా భూపలకాల అంచుల్లో ఉంటాయి. మనకు దగ్గరి అంచు బంగాళాఖాతం అవతల, అండమాన్ పక్కన ఉంది. భారత పలక అక్కడ కిందికి దిగుతోంది. దేశంలోని ఒకే ఒక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ ద్వీపం ఆ వరసలోనే ఉంది. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో లేచింది, ఆ తర్వాత ఎన్నోసార్లు బూడిద, లావా చిమ్మింది.

తెలుగునేల మీద లావా చూడాలంటే రాజమహేంద్రవరం పక్కన కాతేరు వెళ్లాలి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, దక్కన్ లావా ఉప్పొంగిన కాలంలో ప్రవహించిన నల్లటి బసాల్ట్ అక్కడుంది. రెండు లావా పొరల మధ్య సముద్రపు గుల్లలున్న సున్నపురాయి కూడా దొరుకుతుంది. ఆ లావా పడమటి దక్కన్‌లో ఎక్కడో పుట్టి వందల కిలోమీటర్లు పారి ఆనాటి తీరం చేరిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇక సుమత్రాలో తోబా అగ్నిపర్వతం దాదాపు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇప్పటికీ తెల్లటి పొరగా ఉంది, బంగాళాఖాతం అడుగు మట్టిలోనూ దొరికింది.

బండెక్కండి. దారిలో క్రషర్ దగ్గర ఒక నిమిషం ఆగుదాం. కంకర దుమ్ము గాల్లో తేలుతోంది. ఇక్కడ కొట్టేది మరో రాయి, ముదురు రంగులో నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. డ్రిల్లు పట్టుకున్న కుర్రాణ్ణి అడిగితే, “నల్లరాయి బావూ, బిట్టు ఊరికే అరిగిపోతాది. ఆ ఎర్రరాయైతే ఎండకీ వానకీ మెత్తబడిపోతాది” అంటాడు. రెండు రాళ్ల తేడా ఒక్క మాటలో చెప్పేశాడు. శాస్త్రవేత్తలు ఈ నల్లరాయిని చార్నోకైట్ అంటారు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీది పలకది ఈ రాయే, మద్రాసు దగ్గరి పల్లావరం ప్రాంతం నుంచి వెళ్లింది. భూవిజ్ఞాన సర్వేలో పనిచేసిన థామస్ హాలండ్ ఆ చార్నాక్ పేరే రాయికి పెట్టారు. ఇదీ భూపటలం లోతట్టున, నీటిచెమ్మ లేని వేడిలో తయారైనదే. టెక్కలి చుట్టుపక్కల తవ్వి విదేశాలకు పంపే నీలి గ్రానైట్ కూడా ఈ రాళ్ల కుటుంబానికి చెందినదే. వ్యాపారంలో గ్రానైట్ అని పిలిచినా అది లోతున వేడికి రూపు మారిన రాయి.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. ఈ రాళ్లు పాతిక కిలోమీటర్ల లోతున తయారై ఇప్పుడు పైన ఉన్నాయి. అంటే వాటి మీదున్న పాతిక కిలోమీటర్ల రాయి అరిగి కొట్టుకుపోయింది. అయినా ఇప్పటికీ మన కాళ్ల కింద భూపటలం దాదాపు 35, 40 కిలోమీటర్ల మందం ఉంది. రెండూ కలిపితే అప్పట్లో ఇక్కడ భూపటలం 60 కిలోమీటర్లు దాటి ఉండాలి. ఈనాడు అంత మందం ఎక్కడుంది? హిమాలయాల కింద, టిబెట్ కింద. శ్రీకాకుళం, విజయనగరం మీద ఒకప్పుడు హిమాలయాల్లాంటి పర్వతాలు నిలిచాయని ఆ లెక్కకు అర్థం. మనం ఎక్కే కొండలు ఆ పర్వతాల శిఖరాలు కావు, అడుగున మిగిలిన వేళ్లు.

అంతటి పర్వతాలు లేవాలంటే రెండు భూఖండాలు ఢీకొనాలి. మనల్ని ఢీకొన్నది అంటార్కిటికా. కోట్ల ఏళ్లు ఒక్క నేలగా అతుక్కుని ఉండి, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. ఆ చీలికలో పుట్టిందే బంగాళాఖాతం. కళింగపట్నంలో మీరు నిలబడ్డ ఒడ్డు ఆ చీలిన అంచు. తూర్పు అంటార్కిటికా తీరంలోనూ ఇవే గార్నెట్, సిల్లిమనైట్ రాళ్లు, ఇవే చార్నోకైట్లు ఉన్నాయి. 2012లో మనదేశం అక్కడి లార్సెమన్ హిల్స్‌లో భారతి కేంద్రాన్ని ప్రారంభించింది. మంచు కరిగి రాయి బయటపడిన చోట్ల అక్కడి మన శాస్త్రవేత్తలు నడిచేది, మన కొండల తోబుట్టువుల మీద.

మధ్యాహ్నానికి చీపురుపల్లి, గరివిడి దాటి కోడూరు పాత గని గుంతల దగ్గరికి చేరతారు. మట్టి రంగు మారిపోతుంది. ఎరుపు నుంచి ఊదాకు, ఊదా నుంచి నలుపుకు. నల్లటి గడ్డ ఒకటి ఎత్తండి, చేతికి మసి అంటుతుంది, బరువుకు మణికట్టు కిందికి లాగుతుంది. మాంగనీస్. భారతదేశంలో మాంగనీస్ తవ్వకం 1892 ప్రాంతంలో ఈ విజయనగరం నేల మీదే మొదలైంది. కోడూరు, గర్భాం, గరివిడి పేర్లు ఆ రోజుల్లో ఓడలెక్కి యూరప్ ఉక్కు కర్మాగారాల దాకా వెళ్లాయి.

ఈ గుంతల్లో పనిచేసిన లూయిస్ లీ ఫెర్మర్‌ను మనవాళ్లు గుర్తుంచుకోవాలి. భూవిజ్ఞాన సర్వే ఉద్యోగిగా దేశంలోని మాంగనీస్ నిక్షేపాలన్నీ తిరిగి, 1909లో వెయ్యి పేజీలు దాటిన గ్రంథం ప్రచురించారు. ఇక్కడి ఒక వింత రాయికి ఊరి పేరు మీద కోడురైట్ అని పేరు పెట్టారు. మాంగనీస్ దండిగా ఉన్న గార్నెట్, పొటాష్ ఫెల్స్పార్, అపటైట్ కలిసిన రాయి అది. ఆయన దాన్ని అగ్నిశిల అనుకున్నారు. సముద్రపు అడుగున పేరుకున్న మాంగనీస్ మన్ను ఖోండలైట్‌తో పాటే లోతుకు వెళ్లి ఇలా మారిందని తర్వాతి పరిశోధకులు చాలామంది భావించారు.

ఆ గార్నెట్ ఫెర్మర్‌ను వదల్లేదు. కొన్ని రాళ్లలో ఒకే రసాయన పదార్థాలు తేలికైన ఖనిజాలుగానూ ఉండగలవు, బరువైన గార్నెట్‌గానూ ఉండగలవు. ఒత్తిడి ఎక్కువైతే తక్కువ చోటులో ఇమిడే గార్నెట్ వైపే మొగ్గు. అంటే రాయిలో గార్నెట్ ఉండటమే అది భరించిన లోతుకు కొలత. 1913లో ఆయన గార్నెట్‌ను భూమి ఒత్తిడి చెప్పే బారోమీటరుగా ప్రతిపాదిస్తూ, భూపటలం కింద గార్నెట్ నిండిన పొర ఉండాలని రాశారు. ఆ పొర ఆయన ఊహించిన రూపంలో లేదు. ఆయన పట్టుకున్న సూత్రం మాత్రం నిలిచింది. ఈనాటి ప్రయోగశాలల్లో గార్నెట్ గింజను సన్నగా కోసి, దాని రసాయన కూర్పు కొలిచి, రాయి ఎంత లోతుకు వెళ్లి వచ్చిందో లెక్కగడతారు. తూర్పు కనుమల రాళ్ల లోతు తేల్చిన కొలతల్లో అది ముఖ్యమైనది. కోడూరు గనుల్లో తిరిగిన మనిషి ఆలోచన భూగర్భ శాస్త్రానికి ఇచ్చిన పరికరమిది.

అదే కాలంలో మరికొందరు భూమి లోపలిని వేరే దారిలో చూస్తున్నారు. 1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. దాన్ని పరిశీలించిన ఆర్. డి. ఓల్డమ్ కూడా మన భూవిజ్ఞాన సర్వేవారే. భూకంప తరంగాలు రెండు రకాలుగా, వేర్వేరు వేగాలతో చేరతాయని నమోదుల్లో గుర్తించి, 1906లో భూమికి వేరే పదార్థంతో చేసిన కేంద్రమండలం ఉందని చూపించారు. 1909లో, ఫెర్మర్ గ్రంథం వెలువడిన ఏడాదే, క్రొయేషియాలో వచ్చిన భూకంపం నమోదులు చదివి మొహొరోవిచిచ్ భూపటలానికీ ప్రావారానికీ మధ్య హద్దు కనిపెట్టారు. మన కింద 35, 40 కిలోమీటర్ల దగ్గరున్నది ఆ హద్దే. 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగె లెహ్‌మన్ కేంద్రం నడిమధ్యన ఘనమైన గోళం ఉందని తేల్చారు. మొత్తం చిత్రం ఇది: పైన భూపటలం, 2,900 కిలోమీటర్ల దాకా ప్రావారం, అక్కణ్ణించి దాదాపు 5,150 దాకా ద్రవ రూపంలో ఇనుము, నికెల్, ఆపైన 6,371 కిలోమీటర్ల దగ్గరి కేంద్రం దాకా ఘనమైన ఇనుప గోళం. అడ్డంగా కదిలించే తరంగం ద్రవంలోంచి సాగదు కాబట్టే బయటి కేంద్రం ద్రవమని తెలిసింది. అంత లోతుకు ఎవరూ వెళ్లలేదు. భూకంపాలు లోపల తిరిగి వచ్చి చెప్పినదాన్ని విన్నారు.

సాయంత్రానికి విజయనగరం రండి. 1713లో పునాది పడిన కోట ముందు నిలబడండి. ఆటోలు, మిఠాయి దుకాణాలు, కాలేజీ పిల్లల సైకిళ్లు. నేల కదలడమనే ఊహే రాదు. కాని 1917 ఏప్రిల్ 17న ఈ ఊరి ప్రాంతంలో 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఉత్తరాంధ్రలో నమోదైన పెద్ద కంపాల్లో అదొకటి.

ఇంత పాతబడి చల్లారిన నేల ఎందుకు కదిలింది? భారత పలక ఏటా దాదాపు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యం వైపు జరుగుతూ ఆసియాను నెడుతూనే ఉంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, పలకంతా పాకుతుంది. పలకలో బలహీనమైన పాత గాయాలున్న చోట అప్పుడప్పుడు తెగుతుంది. మన దగ్గర అలాంటి గాయం ఉంది. నాగావళి, వంశధారల మధ్యగా పోయే ప్రాచీన కోత మండలాన్ని భూవిజ్ఞానులు ఆ నదుల పేర్లతోనే పిలుస్తారు. ఒంగోలు దగ్గర 1967లో, భద్రాచలం దగ్గర 1969లో, ములుగు జిల్లాలో 2024 డిసెంబరు 4 ఉదయం వచ్చిన కంపాలూ ఇలా పలక అంచుకు దూరంగా, లోపలి భాగంలో పుట్టినవే.

2014 మే 21 రాత్రి పదికి కొద్ది నిమిషాల ముందు బంగాళాఖాతం అడుగున 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఉత్తరాంధ్ర తీర పట్టణాల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తుకొచ్చారు. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో పలక అంచు తెగింది. విజయనగరం కంపం విడుదల చేసినదానికి అది రెండున్నర లక్షల రెట్ల శక్తి. రెండున్నర గంటల్లో సునామీ మన తీరాన్ని తాకి ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే, 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది.

2002 నాటి భూకంప పటంలో మన రెండు జిల్లాలూ రెండో జోన్‌లో, అన్నింటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉన్నాయి. తక్కువ అంటే లేదని కాదు, 1917 అందుకు సాక్ష్యం. ఏటి ఒండ్రు మీద, తీరపు మెత్తటి నేల మీద కట్టిన ఇల్లు కొండరాయి మీది ఇంటికన్నా ఎక్కువ ఊగుతుంది. ఇల్లు కట్టుకునేవారు పునాది దగ్గర, కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు వేయించుకోవాలి. గోడలు విడివిడిగా ఊగి కూలకుండా ఆ బెల్టు పట్టి ఉంచుతుంది. తీరంలో ఉన్నవారు నేల గట్టిగా, చాలాసేపు కంపించినా, సముద్రం అసాధారణంగా వెనక్కి పోయినా, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తయిన చోటికి వెళ్లాలి. ఈ రెండు విషయాలూ ప్రతి ఊళ్లో ప్రతి మనిషికీ తెలిసి ఉండాలి.

ఇంత తిరిగి చూశాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మన పిల్లలు భూమి నిర్మాణాన్ని పుస్తకంలో రంగురంగుల వలయాలుగా చూసి, పేర్లు బట్టీపట్టి, పరీక్ష రాసి మరిచిపోతున్నారు. పరికరాలకు అందని లోతు కిటికీలోంచి కనబడే కొండగా నిలబడి ఉన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. ఆ కొండల్ని మనం కంకరగా, గ్రావెల్‌గా, కౌంటర్ మీది పలకగా మాత్రమే లెక్కగడుతున్నాం. రోడ్లు కావాలి, ఇళ్లు కావాలి, కాదనను. పూర్తిగా తవ్వేసిన కొండ మాత్రం తిరిగి రాదు. అందుకే ప్రతి మండలంలో చారలు, గార్నెట్లు, తెల్లటి కరుగు నరాలు బాగా కనబడే రాతిగోడ ఒక్కటైనా తవ్వకానికి ఇవ్వకుండా మిగిల్చి, అదేమిటో తెలుగులో రాసిన బోర్డు పెట్టాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక పెట్టె ఉండాలి. అందులో ఖోండలైట్, చార్నోకైట్, మాంగనీస్ ముక్కలు ఒక్కొక్కటి, సీసాలో తీరపు ఎర్ర ఇసుక, ఒక భూతద్దం చాలు. దీనికి నిధులక్కర్లేదు. ఒక ఆదివారం, నలుగురు పిల్లలు, దారి చూపే ఒక టీచరు ఉంటే ఆ పెట్టె నిండుతుంది. పాఠం చెప్పేటప్పుడు గార్నెట్ ఉన్న రాయి పిల్లవాడి చేతిలో పెట్టి, “ఇది పాతిక కిలోమీటర్ల కిందికెళ్లి మన ఊరొచ్చింది, ఎలా వచ్చిందో చెప్పు చూద్దాం” అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న పిల్లలకు భూమి లోపలి పొరలను బట్టీపట్టే అవసరం రాదు.